కొత్త కూలర్ బిగించాక డిస్‌ప్లే రావట్లేదా? ప్రాసెసర్ పోయిందని తేల్చే ముందు వరుసగా ఇవి చూడండి

కంప్యూటర్లో ప్రాసెసర్ మీద ఉండే పాత కూలర్ తీసి కొత్తది బిగించారు, స్విచ్ నొక్కారు, ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ డిస్‌ప్లే రావట్లేదు. లేదంటే అసలు చప్పుడే లేదు. ఎవరికైనా వెంటనే వచ్చే అనుమానం ఒకటే, ప్రాసెసర్ పోయిందని. ఆగం కాకండి. కూలర్ మార్చే పనిలో మీ చెయ్యి తగిలినవి చాలా ఉన్నాయి: కరెంటు కేబుళ్లు, ర్యామ్, మదర్‌బోర్డు వెనక వైపు, ప్రాసెసర్ కూర్చునే సాకెట్. వీటన్నిటిలో గట్టిది ప్రాసెసరే. అది నిజంగా కాలిపోయిన సిస్టమ్‌ల కంటే, ఒక కేబుల్ మర్చిపోయినవి, ర్యామ్ కదిలినవి, పిన్ను వంగినవే నేను ఎక్కువ చూశాను. అందుకే ఖర్చు లేని వాటి నుంచి మొదలుపెట్టి, ప్రాసెసర్‌ను చివరగా అనుమానించాలి.

ముందు చేయాల్సింది, పవర్ బటన్ పదే పదే నొక్కడం ఆపేయడం. ఎస్ఎంపీఎస్ (కరెంటు అందించే పెట్టె) వెనక స్విచ్ ఆఫ్ చేసి, ప్లగ్గు పీకేసి, కేబినెట్ మీది పవర్ బటన్‌ను ఓ పది సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు కూడా పోతుంది. ఏదైనా పిన్ను వంగి పక్కదానికి తగులుతున్నా, బోర్డు కింద ఒక స్క్రూ పడి ఉన్నా, మీరు ఆన్ చేసిన ప్రతిసారీ ఇప్పటిదాకా బాగున్న భాగం కూడా పోయే ప్రమాదం ఉంది. ముందు కళ్లతో చూడండి, తర్వాతే కరెంటు ఇవ్వండి.

ఇప్పుడు లక్షణం ఏమిటో సరిగ్గా గుర్తు తెచ్చుకోండి, ఎందుకంటే దారి అక్కడే చీలుతుంది. ఒక్క ఫ్యాన్ కూడా కదలకపోతే అది కరెంటు సమస్య, లేదా షార్ట్. ఒక్క సెకను తిరిగి ఆగి, మళ్లీ తిరిగి ఆగుతుంటే షార్ట్ గానీ, ప్రాసెసర్‌కు వెళ్లే కేబుల్ గానీ, ప్రాసెసర్ సరిగా కూర్చోకపోవడం గానీ. ఫ్యాన్లన్నీ నిలకడగా తిరుగుతూ డిస్‌ప్లే మాత్రం లేకపోతే ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, పిన్నులు. డిస్‌ప్లే వచ్చి కొద్దిసేపటికే ఆగిపోతే అది వేడి, అంటే కూలర్ సరిగా అతుక్కోలేదు. అన్నీ బాగానే ఉండి ర్యామ్ సగమే చూపిస్తుంటే మాత్రం నేరుగా సాకెట్ దగ్గరికి వెళ్లాలి, దాని సంగతి కింద వివరంగా చెబుతాను.

కేబుళ్లతో మొదలుపెడదాం. బోర్డు పైన ఎడమ మూలన, కూలర్ నీడలో ఒక 8 పిన్నుల కరెంటు కనెక్టర్ ఉంటుంది, కొన్ని చిన్న బోర్డుల్లో 4 పిన్నులే. ప్రాసెసర్‌కు కరెంటు అక్కడి నుంచే వస్తుంది. పెద్ద కూలర్ పట్టించడానికి చెయ్యి దూరట్లేదని ఈ కేబుల్ తీసేస్తారు, కూలర్ బిగించాక అది దాని వెనక కనపడదు, మర్చిపోతారు. అది లేకపోయినా కేబినెట్ ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, డిస్‌ప్లే మాత్రం రాదు, అచ్చం ప్రాసెసర్ చచ్చిపోయినట్టే ఉంటుంది. తర్వాత 24 పిన్నుల పెద్ద కేబుల్ చివరిదాకా దిగిందా చూడండి, క్లిప్పు పట్టుకోవాలి. కూలర్ ఫ్యాన్ వైరు సీపీయూ ఫ్యాన్ అని రాసున్న చోటే పెట్టాలి, పక్కనున్న కేబినెట్ ఫ్యాన్ పిన్నులకు పెడితే చాలా బోర్డులు ఫ్యాన్ ఎర్రర్ చూపించి ఎఫ్1 నొక్కమని ఆగిపోతాయి. లిక్విడ్ కూలర్ అయితే పంపు వైరు కూడా చూడండి, పంపు తిరగకపోతే ఎంత పెద్ద రేడియేటర్ ఉన్నా లాభం లేదు.

మానిటర్ కేబుల్ ఎక్కడ పెట్టారో కూడా చూడండి. రైజెన్ 5 3600, 5600 లాంటి వాటిలో, ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉన్న వాటిలో గ్రాఫిక్స్ ఉండదు. కేబినెట్ కదిపి మళ్లీ పెట్టేటప్పుడు కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకు కాకుండా బోర్డుకు తగిలిస్తే ఎంతసేపు చూసినా డిస్‌ప్లే రాదు.

ఇక ర్యామ్. పెద్ద టవర్ కూలర్లు మొదటి ర్యామ్ స్లాట్ మీదికి వస్తాయి, బిగించేటప్పుడు ర్యామ్ కొంచెం పైకి లేచినా చాలు. అన్నీ తీసేసి ఒక్కటే, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండో స్లాట్‌లో, టక్కుమని చప్పుడు వచ్చేలా దింపండి. ఆ తర్వాత సీమాస్ రీసెట్, అంటే బోర్డు సెట్టింగులను మొదటి స్థితికి తేవడం: ప్లగ్గు తీసేసి, గుండ్రటి సీఆర్2032 బ్యాటరీని కొన్ని నిమిషాలు బయట పెట్టి మళ్లీ వేయండి. ఇక్కడ ఏఎం5 (ఏఎండీ కొత్త సాకెట్) బోర్డు, డీడీఆర్5 (కొత్త తరం) ర్యామ్ ఉన్నవాళ్లకు ఒక ముఖ్యమైన మాట. రీసెట్ తర్వాత మొదటిసారి ఆన్ చేస్తే బోర్డు ర్యామ్‌ను పరీక్షించుకోవడానికి చాలా నిమిషాలు తీసుకోవచ్చు, అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. టెన్షన్ పడి మధ్యలో ఆపేస్తే మళ్లీ మొదటికి వస్తుంది. ఆన్ చేసి పదిహేను నిమిషాలు వదిలేయండి.

బోర్డు మీద సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్ కార్డు), బూట్ అని నాలుగు చిన్న లైట్లు ఉంటే ఏది ఆగకుండా వెలుగుతోందో చూడండి. సీపీయూ లైటు వెలిగిందంటే ప్రాసెసర్ పోయిందని అర్థం కాదు. ప్రాసెసర్ నుంచి జవాబు రావట్లేదని మాత్రమే దాని అర్థం. 8 పిన్నుల కేబుల్ లేకపోయినా, పిన్నులు ఆనకపోయినా, ఆ ప్రాసెసర్‌ను బయోస్ (బోర్డు లోపలి ప్రోగ్రామ్) గుర్తుపట్టకపోయినా అదే లైటు వెలుగుతుంది.

ఇక్కడిదాకా ఏమీ తేలకపోతే కూలర్ విప్పాలి. మన దగ్గర ఈ పనికి ముందు ఒకటి తప్పకుండా చేయాలి, దుమ్ము దులపడం. గోదావరిఖని, మంచిర్యాల, భూపాలపల్లి వైపు ఇళ్లలో బొగ్గు దుమ్ము, వరంగల్, జమ్మికుంట జిన్నింగ్ మిల్లుల చుట్టుపక్కల పత్తి పీచు కూలర్ రెక్కల మధ్య గట్టి పొరలా పట్టి ఉంటాయి. అలాగే కూలర్ లాగితే ఆ పొర విరిగి తెరిచున్న సాకెట్లో పడుతుంది. ఇంటెల్ సాకెట్ అయితే ఒక్క పోగు కూడా ఏదో ఒక పిన్నుకూ ప్రాసెసర్‌కూ మధ్య అడ్డం పడొచ్చు. మెత్తటి బ్రష్‌తో, బ్లోయర్‌తో ముందు బయట శుభ్రం చేసి, ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకుని గాలి కొట్టి, ఆ తర్వాత విప్పండి.

విప్పేటప్పుడు ఏఎం4 (రైజెన్ 3600, 5600 లాంటి వాటి సాకెట్) వాళ్లు చాలా పైలంగా ఉండాలి. ఆ ప్రాసెసర్ కింద 1331 పిన్నులుంటాయి, వాటిని సాకెట్ పట్టుకునే బలం కంటే ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్ట్ ఎండిపోతే దాని పట్టు ఎక్కువ. పాత కూలర్‌ను నిలువునా లాగితే సాకెట్ లివర్ (ప్రాసెసర్‌ను పట్టి ఉంచే చిన్న కడ్డీ) మూసి ఉన్నా సరే ప్రాసెసర్ దానికి అతుక్కుని బయటికి ఊడి వచ్చేస్తుంది, పిన్నులు వంగేది ఎక్కువగా అప్పుడే. సిస్టమ్ ఆన్ అయ్యే స్థితిలో ఉంటే ఓ పావుగంట నడిపి వేడెక్కించి, ఆపి, ప్లగ్గు తీసి, స్క్రూలు విప్పాక కూలర్‌ను ఎడమకూ కుడికీ మెల్లగా తిప్పుతూ పట్టు వదిలాక తీయాలి. ఆన్ కాకపోతే హెయిర్ డ్రయ్యర్‌తో కూలర్ అడుగు భాగాన్ని వేడి చేయండి. అప్పటికే ఊడి వచ్చి ఉంటే స్క్రూడ్రైవర్‌తో పెకలించొద్దు, రెండింటి మధ్య సన్నని గట్టి దారం పెట్టి రంపంలా లాగితే విడిపోతుంది. లివర్ మూసి ఉండగా ప్రాసెసర్‌ను మళ్లీ సాకెట్లో నొక్కే ప్రయత్నం మాత్రం ఎప్పటికీ చేయకండి.

హనుమకొండలో మా మేనల్లుడి సిస్టమ్ సరిగ్గా ఇలాగే నా దగ్గరికి వచ్చింది. రైజెన్ 5 3600, దాంతోపాటు వచ్చిన కూలర్ ఎండాకాలం చాలట్లేదని కొత్త టవర్ కూలర్ తెచ్చుకున్నాడు. నాలుగు స్క్రూలు విప్పి ఒక్కసారి పైకి లాగితే ప్రాసెసర్ కూలర్‌తో పాటే వచ్చేసింది. టేబుల్ లైటు కింద ప్రాసెసర్‌ను ఏటవాలుగా పట్టుకుని చూస్తే పిన్నుల వరుసలు గీత గీసినట్టు కనపడతాయి, ఒక మూలన మాత్రం ఆ గీత చెదిరింది, మూడు పిన్నులు ఒకవైపుకు ఒరిగి ఉన్నాయి. గడ్డం గీసుకునే కొత్త బ్లేడును వరుసల మధ్య దూర్చి, ఒరిగిన వైపు నుంచి వెంట్రుక వాసి చొప్పున నెట్టుతూ, అటు వరుస నుంచీ ఇటు వరుస నుంచీ సరిచూసుకుంటూ నిలబెట్టాం. తర్వాత సిస్టమ్ ఆన్ అయింది గానీ 16 జీబీ ర్యామ్‌లో 8 జీబీయే చూపించింది. మళ్లీ తీసి చూస్తే అదే మూల పిన్నుల మొదట్లో పేస్ట్ పట్టి ఉంది, సాకెట్ రంధ్రాల్లోకి కూడా కొంచెం దిగింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన మెత్తటి బ్రష్‌తో రెండూ కడిగి, పూర్తిగా ఆరాక పెడితే 16 జీబీ వచ్చింది. ఆ ప్రాసెసర్ ఇప్పటికీ నడుస్తోంది.

పిన్నులు సరిచేసే పనిలో తొందర పనికిరాదు. పక్కకు బాగా పడిపోయిన పిన్నుకు బ్లేడు కంటే 0.5 ఎంఎం మెకానికల్ పెన్సిల్ నయం, ములుకు తీసేసి ఆ సన్నని గొట్టాన్ని పిన్నుకు తొడిగి మెల్లగా లేపాలి. ఒక్కసారే నిటారుగా చేయాలని చూడొద్దు, ఆ లోహం ఒకటి రెండుసార్లు ఒంగితే ఊరుకుంటుంది, అటూ ఇటూ ఆడిస్తే విరిగిపోతుంది. అన్నీ సరిచేశాక ప్రాసెసర్ దాని సొంత బరువుతోనే సాకెట్లో దిగాలి. మూలన ఉన్న చిన్న త్రిభుజం గుర్తు సాకెట్ మీది గుర్తుతో కలవాలి. వేలితో నొక్కాల్సి వస్తోందంటే ఇంకా ఏదో వంకర ఉందని, తీసి మళ్లీ చూడండి. పిన్ను విరిగిపోయినా ఆశ వదులుకోనక్కర్లేదు, పిన్నుల్లో చాలా వరకు కరెంటుకు, గ్రౌండ్‌కు పోయేవే, అవి ఒకటికి పది ఉంటాయి. పిన్ను దేనిదో చూపించే పటాలు నెట్‌లో దొరుకుతాయి, విరిగినది వాటితో సరిపోల్చండి. ర్యామ్‌కు పోయేది విరిగితే ఒక ఛానల్, అంటే ఒకవైపు ర్యామ్ స్లాట్లు, పోతుంది, మిగతాది నడవొచ్చు.

ఇంటెల్‌లోనూ, ఏఎం5లోనూ పిన్నులు ప్రాసెసర్‌కు ఉండవు, బోర్డు సాకెట్లో ఉంటాయి. ఇంటెల్ ఎల్‌జీఏ1700 సాకెట్లో 1700, ఏఎం5లో 1718. ఇవి ఇంకా సన్నం, ఒక్కొక్కటి ఒంగిన కొక్కెంలా ఉంటుంది, అన్నీ ఒకే దిక్కుకు తిరిగి ఉంటాయి. సెల్‌ఫోన్ లైటును పక్క నుంచి వేసి, ఇంకో ఫోన్ కెమెరాను జూమ్ చేసి చూడండి: బాగున్న చోట చుక్కలన్నీ ఒకే తీరుగా మెరుస్తాయి, ఒంగిన చోట ఒక చుక్క నల్లగానో, పక్కకు జరిగో కనపడుతుంది. సన్నని సూదితో సరిచేయడం కుదురుతుంది గానీ చెయ్యి వణికే వాళ్లు చేయొద్దు, చిప్ లెవెల్ పని చేసే వాళ్ల దగ్గర మైక్రోస్కోప్ ఉంటుంది, వాళ్లకివ్వడమే మేలు. ఇక్కడ ఊరటనిచ్చే సంగతి ఏమిటంటే, పిన్ను పోతే పోయింది బోర్డే, ప్రాసెసర్ చాలావరకు బాగానే ఉంటుంది.

సగం ర్యామ్ సంగతికి వస్తే, ఇప్పటి ప్రాసెసర్లలో ర్యామ్‌ను నడిపే కంట్రోలర్ ప్రాసెసర్ లోపలే ఉంటుంది, గ్రాఫిక్స్ కార్డు లైన్లు కూడా నేరుగా అక్కడికే పోతాయి. అందుకే ఒకవైపు స్లాట్లు పని చేయకపోతే ర్యామ్‌ను తిట్టే ముందు సాకెట్ చూడాలి. ఇంటెల్‌లో కూలర్ స్క్రూలు ఒకవైపు మరీ బిగిసినా ఇదే జరుగుతుంది, ప్రాసెసర్ ఒక పక్కకు ఒత్తుకుపోయి రెండోవైపు పిన్నులు ఆనవు. నాలుగు స్క్రూలనూ అర చుట్టు వదులు చేసి ఆన్ చేయండి, ర్యామ్ తిరిగి వచ్చిందంటే కారణం అదే.

బోర్డు వెనకవైపు కూడా చూడండి. ఏఎం4లో స్క్రూలు విప్పగానే వెనక ఇనుప ప్లేటు జారిపడుతుంది, మళ్లీ పెట్టేటప్పుడు అది అడ్డంగా కూర్చుందా, చిన్న భాగాల మీద ఆనిందా చూసుకోవాలి. ఇంటెల్‌లో ఎల్‌జీఏ1150 నుంచి 1200 దాకా సాకెట్లకు కూలర్ రంధ్రాల మధ్య దూరం 75 ఎంఎం, ఎల్‌జీఏ1700కు 78 ఎంఎం. పాత క్లాంపును బలవంతంగా పట్టిస్తే ఏటవాలుగా కూర్చుంటుంది, అడుగు పూర్తిగా ఆనదు.

మళ్లీ బిగించేటప్పుడు పాత పేస్ట్ పూర్తిగా తుడిచేయండి, దూది వాడొద్దు, పోగులు మిగులుతాయి. కొత్త కూలర్ అడుగున ఉండే ప్లాస్టిక్ పొర తీశారా లేదా చూడండి, డిస్‌ప్లే వచ్చి కాసేపటికే ఆగిపోయే సిస్టమ్‌లలో నేను మొదట వెతికేది అదే. మధ్యలో కందిగింజ కంటే కొంచెం పెద్ద చుక్క పేస్ట్ చాలు. స్క్రూలను ఎదురెదురు మూలల చొప్పున, ఒక్కోదాన్ని రెండు మూడు చుట్లు తిప్పుతూ బిగించాలి. ఇంటెల్ బాక్స్ కూలర్ అయితే నాలుగు ప్లాస్టిక్ కాళ్లలో ఏ ఒక్కటి పట్టకపోయినా ఉష్ణోగ్రత నిమిషంలో వందకు చేరుతుంది. లిక్విడ్ మెటల్ వాడి ఉంటే మాత్రం వేరే సంగతి, అది కరెంటును పోనిస్తుంది, అల్యూమినియంను తినేస్తుంది, చుట్టూ ఉన్న చిన్న కెపాసిటర్ల మీద ఒక్క బొట్టు పడినా షార్ట్ అవుతుంది. మామూలు పేస్ట్ అక్కడ అంటినా ఫర్వాలేదు, గోకకండి చాలు, స్క్రూడ్రైవర్ మొన తగిలి ఆ కెపాసిటర్ ఊడితే ప్రాసెసర్ నిజంగానే పోవచ్చు.

వేడి వల్ల ప్రాసెసర్ కాలిపోయిందని ఎవరైనా అంటే నమ్మడానికి తొందరపడకండి. కోర్ ఐ5-12400 100 డిగ్రీల దగ్గర, రైజెన్ 5 5600 90 దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి, ఇంకా మించితే సిస్టమ్ ఆగిపోతుంది. కూలర్ సరిగా కూర్చోక ఒకటి రెండుసార్లు అలా ఆగినంత మాత్రాన ప్రాసెసర్ చచ్చిపోదు. బయోస్‌లో 50 చుట్టుపక్కల కనపడితే కంగారు పడొద్దు, అక్కడ ప్రాసెసర్ పూర్తిగా విశ్రాంతి తీసుకోదు. పైగా ఏ కూలర్ అయినా గది గాలి కంటే చల్లగా చేయలేదు, రామగుండంలో మే నెల మధ్యాహ్నం గదిలోనే 38, 40 ఉంటే చలికాలంలో చూసిన అంకెలకు పది పదిహేను కలుపుకోవాల్సిందే.

ఇవన్నీ అయ్యాక కూడా ఉలుకూ పలుకూ లేకపోతే అప్పుడు మార్చి చూడాలి. మీ ప్రాసెసర్‌ను బాగా నడుస్తున్న ఇంకో బోర్డులో పెట్టి చూడటమే మంచి పద్ధతి, పిన్నులన్నీ సరిగా ఉన్నాయని నిర్ధారించుకున్నాకే. తెలిసినవాళ్ల మంచి ప్రాసెసర్ తెచ్చి మీ అనుమానాల బోర్డులో పెట్టకండి, షార్ట్ ఉంటే వాళ్లదీ పోతుంది. ఆ ఇంకో బోర్డు బయోస్ మీ ప్రాసెసర్‌ను గుర్తుపడుతుందా ముందు చూడండి. పాత బీ450 బోర్డులో బయోస్ అప్‌డేట్ చేయకుండా రైజెన్ 5600 పెడితే నడవదు, అలాగే 600 సిరీస్ బోర్డుల్లో ఇంటెల్ 13, 14 తరాలకు అప్‌డేట్ కావాలి. అది తెలియక మంచి ప్రాసెసర్‌ను చెత్త కింద వేసినవాళ్లున్నారు.

షాపుకు తీసుకెళ్తే మీ కళ్ల ముందే మార్చి చూపించమనండి. మల్టీమీటర్ పెట్టి బీప్ వినిపించి, చూడండి షార్ట్ అంటే అంతటితో ఒప్పుకోవద్దు. ప్రాసెసర్ సాకెట్లో ఉండగా దాని కరెంటు లైనుకూ గ్రౌండ్‌కూ మధ్య కొద్ది ఓమ్‌లే ఉండటం మామూలే, మీటర్ దానికీ బీప్ అంటుంది. ప్రాసెసర్ తీసేసి కూడా కొలవమనండి. బాక్స్‌లో కొన్న ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లకు సాధారణంగా 3 ఏళ్ల వారంటీ ఉంటుంది, బిల్లు జాగ్రత్త పెట్టుకోండి. వంగిన, విరిగిన పిన్నులకు అది వర్తించదు. బాక్స్ లేకుండా ట్రే ప్రాసెసర్ కొని ఉంటే కంపెనీకి సంబంధం లేదు, అమ్మిన షాపే చూసుకోవాలి.

సాకెట్ పని మన వరంగల్ వైపు కుదరకపోతే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీకి, అంటే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లొచ్చు, కాజీపేట నుంచి రైల్లో దాదాపు రెండు గంటలు. సిస్టమ్ మొత్తం మోసుకెళ్లకండి, బోర్డు, ప్రాసెసర్ చాలు. ఏఎం4 ప్రాసెసర్ అయితే అది వచ్చిన ప్లాస్టిక్ డబ్బాలోనే పెట్టండి, ఇంటెల్, ఏఎం5 బోర్డులైతే సాకెట్ మీద నల్ల ప్లాస్టిక్ మూత తప్పకుండా బిగించండి, అది లేకపోతే వారంటీ వాళ్లు కూడా బోర్డు తీసుకోరు. బోర్డును యాంటీస్టాటిక్ కవర్లో వేయాలి, మామూలు పాలిథిన్ సంచి వద్దు. కేబినెట్‌తో సహా తీసుకెళ్లక తప్పకపోతే పెద్ద కూలర్ విప్పేసి విడిగా పెట్టండి, లేదా కూలర్ నిటారుగా నిలబడేలా కేబినెట్‌ను పడుకోబెట్టి ఒళ్లో పెట్టుకోండి, కిలో బరువున్న టవర్ కూలర్ బస్సు కుదుపులకు వేలాడితే సాకెట్ మీదే భారం పడుతుంది.